పల్లెలో ఎందరు? పనిలో ఎందరు?

* జనగణన పట్టికలో నాలుగు గడులే.. అందులో ఇమడని కరవు పల్లె కష్టం
* లెక్కింపు ఫిబ్రవరిలో.. కూలీలు వలస బాటలో
* వివరాలు తప్పుగా చెబితే పదేళ్లకు పైగా ఊరికే నష్టం

పుట్టపర్తి: ఊరి జనాభా ఎంత? అందులో స్త్రీలెందరు, పురుషులెందరు? పనిచేసే చేతులెన్ని? వినడానికి ఇవి చిన్న ప్రశ్నలు. గ్రామానికో వరుస చొప్పున జనగణన పట్టిక వీటికి అంకెల్లో సమాధానం చెబుతుంది. అయితే ఆ అంకెలు ఎలా పుడతాయో, ఎవరిని ‘పనివారు’ అంటారో, ఎవరిని అనరో తెలిసినవారు పల్లెల్లో తక్కువ. వాన మీద, వలస మీద ఆధారపడి బతికే శ్రీసత్యసాయి జిల్లా వంటి మెట్ట ప్రాంతంలో ఈ తేడా చాలా పెద్దది. 2011 తరువాత దేశంలో జనగణన జరగలేదు. 2021లో జరగవలసినది కోవిడ్ కారణంగా వాయిదా పడింది. 2027 మార్చి 1వ తేదీని ప్రామాణికంగా తీసుకొని తదుపరి జనగణన నిర్వహించనున్నట్లు కేంద్ర ప్రభుత్వం 2025 జూన్ 16న ప్రకటన వెలువరించింది. తొలి దశ ఇళ్ల గణనకు 2026 సంవత్సరాన్ని, మనుషుల లెక్కింపునకు 2027 ఫిబ్రవరిని నిర్ణయించారు. ఈ నేపథ్యంలో పల్లె జనాభా, పని లెక్కల వెనుక ఉన్న విషయాలపై కథనమిది.

గొల్లపల్లి నుంచి జిల్లా కేంద్రం దాకా..

ఒక చిన్న పల్లె పని స్వరూపం ఎలా మారుతుందో చెప్పడానికి పుట్టపర్తిని మించిన ఉదాహరణ ఈ ప్రాంతంలో లేదు. చిత్రావతి ఒడ్డున ఆవుల మందలతో బతికిన గొల్లపల్లియే కాలక్రమంలో పుట్టల మయమై పుట్టపర్తి అయిందని స్థానిక ఐతిహ్యం. సత్యసాయిబాబా 1926 నవంబరు 23న జన్మించేనాటికి ఇది బాట సైతం సరిగా లేని కుగ్రామం. పైచదువుకు బుక్కపట్నం నడిచి వెళ్లవలసిందే. రాగి, జొన్న, కొర్ర పండించడం, గొర్రెలు, ఆవులు మేపడం, కరవు వస్తే ఇసుకలో చెలమలు తోడుకొని గొంతు తడుపుకోవడం.. ఆనాటి బతుకు అది.

1950 నవంబరు 23న ప్రశాంతి నిలయం ప్రారంభమైంది. ఆ తరువాత విద్యాసంస్థలు వచ్చాయి. 1990లో విమానాశ్రయం, 1991 నవంబరులో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, 2000 నవంబరులో రైల్వేస్టేషన్ అందుబాటులోకి వచ్చాయి. గొర్రు పట్టిన చేతులు ఆటో హ్యాండిల్ పట్టాయి. పొలాలు లాడ్జీలుగా, అపార్టుమెంట్లుగా మారాయి. చుట్టుపక్కల ఎనుములపల్లి, బ్రాహ్మణపల్లి, ఏటి ఆవలి గట్టున ఉన్న కర్ణాటనాగేపల్లి వాసులకు పూలు అమ్మడం, గదులు శుభ్రపరచడం, కాపలా, వంట పనులు జీవనాధారమయ్యాయి. 2011 జనగణనలో పుట్టపర్తి జనాభా సుమారు 15 వేలు.

అదే ఏడాది ఏప్రిల్ 24న సత్యసాయిబాబా మరణించారు. యాత్రికుల రాక తగ్గింది. గదుల అద్దెలు, స్థలాల ధరలు పడిపోయాయి. ఆటోలు, దుకాణాల మీద బతికే కుటుంబాలు కొన్నేళ్లపాటు ఇబ్బంది పడ్డాయి. ఒకే ఆధారం మీద నిలిచిన పని ఎంత బలహీనమో పట్టణానికి అప్పుడు తెలిసి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడి పుట్టపర్తి జిల్లా కేంద్రమయ్యాక మళ్లీ రాకపోకలు పెరిగాయి. ఈ మార్పులేవీ ఏ జనగణన పట్టికలోనూ ఇంకా నమోదు కాలేదు. 2011 ఫిబ్రవరినాటి పుట్టపర్తే నేటికీ ప్రభుత్వ దస్త్రాల్లో అధికారిక పుట్టపర్తి.

‘పట్టణం’ అని నిర్ధారించేది కూడా పనే కావడం విశేషం. పురపాలక హోదా ఉన్నవి ఎలాగూ పట్టణాలే. హోదా లేని ఊరిని జనగణన పట్టణంగా గుర్తించాలంటే మూడు షరతులు ఉన్నాయి. జనాభా కనీసం 5 వేలు ఉండాలి. చదరపు కిలోమీటరుకు 400 మంది చొప్పున జనసాంద్రత ఉండాలి. ప్రధాన పనివారైన పురుషుల్లో కనీసం 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. అంటే ఒక పల్లెలో మగవారు కాడి వదిలి వేరే పనిలోకి వెళ్లేకొద్దీ ఆ ఊరు పట్టణమయ్యే దిశగా కదులుతుంది. ఇందులో స్త్రీల పనిని పరిగణనలోకి తీసుకోరు. మగవారంతా అంగళ్లకు, ఆటోలకు మళ్లి, ఆడవారు పొలాల్లోనే మిగిలినా ఆ ఊరు లెక్కల్లో పట్టణమే.

ఊరు వేరు.. రెవెన్యూ గ్రామం వేరు

పట్టికలో తమ ఊరి పేరు కనిపించక అయోమయపడేవారు చాలామంది ఉంటారు. జనగణనలో గ్రామమంటే రెవెన్యూ గ్రామం. సర్వే హద్దులు, భూముల దస్త్రాలు కలిగిన విభాగమది. ఒక రెవెన్యూ గ్రామంలో ప్రధాన ఊరితో పాటు కొన్ని మజరా పల్లెలు, ఎస్సీ కాలనీ, సుగాలి తండా ఉండవచ్చు. వాటన్నింటి జనాభా కలిసి ఒకే వరుసలో చేరుతుంది. గ్రామ పంచాయతీ హద్దు మళ్లీ వేరు. ఒక రెవెన్యూ గ్రామం రెండు పంచాయతీలుగా ఉండవచ్చు, లేదా రెండు మూడు రెవెన్యూ గ్రామాలకు ఒకే పంచాయతీ ఉండవచ్చు. కాబట్టి పట్టికలో గ్రామ జనాభా మూడు వేలని ఉంటే, అది ఒకేచోట కూడి ఉన్న మూడు వేల మంది కానక్కరలేదు. గుట్టకు ఆవల నలభై ఇళ్ల తండాకు నీరు, బాట లేకున్నా, సగటు అంకెలో ఆ లోటు కనిపించదు.

పట్టికలోని మరికొన్ని అంకెలనూ జాగ్రత్తగా చదవాలి. అక్షరాస్యత శాతాన్ని మొత్తం జనాభా మీద కాకుండా ఏడేళ్లు, ఆపై వయసు వారి మీదే లెక్కిస్తారు. ఆరేళ్లలోపు పిల్లల సంఖ్యను వేరుగా ఇస్తారు. ఆ వయసులో వెయ్యి మంది బాలురకు ఎందరు బాలికలున్నారన్నది బాలికల పట్ల ఊరి వైఖరికి అద్దం పడుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో 2011లో ప్రతి వెయ్యి మంది పురుషులకు 977 మంది స్త్రీలు ఉన్నట్లు లెక్క తేలింది. 19,130 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో 40.81 లక్షల జనాభా, చదరపు కిలోమీటరుకు 213 మంది. విభజన తరువాత ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లా పరిధిలో అదే లెక్క ప్రకారం జనాభా సుమారు 18.40 లక్షలు.

వాన చెప్పినట్లే పని

ఇక్కడి పని లెక్క అర్థం కావాలంటే ముందు వాన లెక్క తెలియాలి. ఉమ్మడి జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 553 మిల్లీమీటర్లు. నైరుతి రుతుపవనాల తేమను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాల నాటి వాయుగుండాలు తూర్పు తీరం దాటి ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. రెండింటికీ దూరమైన పీఠభూమి ఇది. పైగా ఎర్ర గరప నేలలు. లోతు తక్కువ, తేమ నిలిచేది తక్కువ. రెండు వానల మధ్య మూడు వారాల ఎడం వస్తే పైరు వాడిపోతుంది.

చెరువులు, కపిల బావులు ఉన్న కాలంలో వాటి కింద వరి, మెట్టన చిరుధాన్యాలు ఉండేవి. 1970, 80 దశకాల నుంచి వేరుశనగ క్రమంగా మెట్టనంతా ఆక్రమించింది. ఉమ్మడి జిల్లాలో ఒక దశలో సుమారు 8 లక్షల హెక్టార్లకు విస్తరించింది. కాయకు ధర, కట్టెకు పశువులు. ఈ రెండు లాభాలు రైతును అటు మళ్లించాయి. అయితే ఒకే పంట కావడంతో నష్టం కూడా ఒక్కసారే ఊరంతటినీ తాకేది. 2000 ఖరీఫ్‌లో సోకిన కాండం కుళ్లు వైరస్ తెగులు జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా పంటను దెబ్బతీసింది. నష్టం రూ.300 కోట్లు దాటినట్లు శాస్త్రవేత్తలు అంచనా వేశారు.

ఈ ఒంటి పంట పని దినాలను కూడా శాసించింది. జూన్, జులై మాసాల్లో ఏరువాక. గుంటక తోలడం, గొర్రుతో విత్తడం. తరువాత కలుపు తీత. అక్టోబరు, నవంబరుల్లో చెట్టు పెరకడం, కాయ కోయడం, కట్టె వామి వేయడం. సంక్రాంతి నాటికి మెట్ట పల్లెలో పని ముగుస్తుంది. మళ్లీ ఏరువాక వరకు అయిదారు నెలలు పొలం ఖాళీ. బోరు కింద చీని, మామిడి, మల్బరీ ఉన్న రైతుకు మాత్రమే వేసవిలో పని. మిగిలిన వారికి గొర్రెలు, ఉపాధి పనులు లేదా వలస.

ఆరు నెలల గీత

జనగణన పనిని ఎలా కొలుస్తుందో ఇప్పుడు చూద్దాం. లెక్కింపునకు ముందు ఏడాది కాలంలో ఆర్థిక ప్రయోజనం ఉన్న పనిలో ఒక్కరోజు పాల్గొన్నా ఆ వ్యక్తి ‘పనివారు’ కిందికే వస్తారు. కూలి ముట్టకపోయినా, సొంత పొలంలో, సొంత అంగడిలో చేసిన పని కూడా పనే. ఇలా తేలిన వారిని రెండుగా విడదీస్తారు. ఏడాదిలో ఆరు నెలలు, అంటే 183 రోజులు, అంతకు మించి పనిచేసినవారు ప్రధాన పనివారు. అంతకంటే తక్కువ రోజులు పనిచేసినవారు ఉపాంత పనివారు. 2011లో ఉపాంత పనివారిని కూడా మూడు నెలల లోపు, మూడు నుంచి ఆరు నెలలు అని మరో రెండు భాగాలు చేశారు.

వీరందరినీ తిరిగి నాలుగు గడుల్లో కూర్చుతారు. మొదటిది సాగుదారులు. సొంత భూమి కావచ్చు, కౌలు భూమి కావచ్చు, లాభనష్టాల భారం తమదైతే సాగుదారులే. భూమిని ఇతరులకు అప్పగించి పర్యవేక్షణ సైతం చేయని యజమాని ఈ గడిలోకి రాడు. రెండోది వ్యవసాయ కూలీలు. పరుల పొలంలో నగదు, గింజలు లేదా పంటలో వాటా కోసం పనిచేసేవారు. సాగు నష్టంలో వీరికి భాగం ఉండదు. మూడోది గృహ పరిశ్రమల పనివారు. ఇంటి సభ్యులే ప్రధానంగా ఇంటివద్ద నడిపే నేత, కుమ్మరం, బుట్టల అల్లిక వంటివి. నాలుగోది ‘ఇతరులు’. ఈ గడిలో ఉపాధ్యాయుడు, ఆటో డ్రైవరు, తాపీమేస్త్రి, అంగడి యజమానితో పాటు గొర్రెల కాపరి కూడా ఉంటాడు.

కరవు సీమలో ఈ చివరి విషయం గమనించదగినది. పంట పోయిన ఏడు ఇంటిని నిలబెట్టేది గొర్రెలు, పాడి పశువులే. అయినా వాటి మీద బతికేవారు ఎందరో గ్రామ పట్టికలో విడిగా తెలియదు. ‘ఇతరులు’ పెరిగారంటే ఊరు పారిశ్రామికంగా ఎదిగిందని పొరబడే ప్రమాదం ఉంది. వానలు లేక చేను వదిలి మంద పట్టుకున్నవారు పెరిగినా ఆ అంకె పెరుగుతుంది.

గృహ పరిశ్రమల గడిని చదవడానికీ కొంత ఎరుక కావాలి. ధర్మవరం పరిసరాల్లో పట్టుమగ్గం నడిచే ఇంట్లో మగ్గం గుంటలో కూర్చున్న ఒక్కరే నేతగాడు కాడు. పోగులు అతికేవారు, కండెలు చుట్టేవారు లేనిదే చీర దిగదు. ఆ పనుల్లో అధిక భాగం ఇంటి ఆడవారివి. నిమ్మలకుంటలో తోలుబొమ్మల తయారీ సైతం ఇంటిల్లిపాదీ కూర్చొని చేసే పని. ఆ కళకు ప్రతినిధిగా దళవాయి చలపతిరావు 2020లో పద్మశ్రీ అందుకున్నారు. తోలు శుభ్రపరచడం, రంగులు అద్దడం వంటి పనులను ఇంటివారు ‘సాయం’ అని చెబితే వారు పనిలేనివారి కిందికి పోతారు. ‘పని’ అని చెబితే పనివారవుతారు. నిర్వచనం మాత్రం స్పష్టంగానే ఉంది. జీతం లేని కుటుంబ పని కూడా పనే.

ఒక ఇంటి లెక్క

ఊహకు ఒక ఇంటిని తీసుకుందాం. నాలుగెకరాల మెట్ట ఉన్న పెద్దాయన, ఆయన భార్య, కొడుకు, కోడలు, నాలుగేళ్ల మనవరాలు. మొత్తం అయిదుగురు.

పెద్దాయన తన చేలో వేరుశనగ వేస్తారు. ఖరీఫ్ పనులు మినహా వేరే వ్యాపకం లేకపోతే ఆయన పని దినాలు ఆరు నెలలకు చేరవు. జీవితమంతా రైతుగా బతికిన మనిషి పట్టికలో ‘ఉపాంత’ సాగుదారు. అదే ఆయన బోరు వేసి రెండో పంట తీస్తే ‘ప్రధాన’ సాగుదారు. కాబట్టి ఊళ్లో ఉపాంత పనివారు పెరగడం సోమరితనానికి గుర్తు కాదు, నీటి కొరతకు గుర్తు.

ఆయన భార్య రెండు గేదెలు మేపి పాలు పోస్తారు. ఏడాది పొడవునా పనే. ఆమె ‘ఇతరులు’ గడిలో ప్రధాన పనివారు కావాలి. పాలు అమ్మకుండా ఇంటికే వాడుకున్నా పాల ఉత్పత్తి పనిగానే లెక్క. కానీ ‘ముసలామె ఇంట్లోనే ఉంటుంది’ అని ఎవరైనా ఒక్క మాట చెబితే ఆమె ఏడాది కష్టం తుడిచిపెట్టుకుపోతుంది.

కోడలు సొంత చేలో కలుపు తీస్తుంది, పరుల చేలో కాయ కోతకు వెళ్తుంది, ఉపాధి పనికి వెళ్తుంది, వంట చేస్తుంది, బిడ్డను చూసుకుంటుంది. వీటిలో వంట, పిల్లల పెంపకం జనగణన దృష్టిలో పని కావు. మిగిలినవన్నీ పనే. ఏ పనిలో ఎక్కువ కాలం గడిచిందో ఆ గడిలో ఆమెను చేర్చాలి. ‘ఏం చేస్తుంది?’ అన్న ప్రశ్నకు ఇంటి మగవారు ఇచ్చే ‘ఇంటి పని’ అన్న జవాబుతో ఆమె పని లేనివారిలో చేరిపోతుంది.

కొడుకు సంక్రాంతి దాటాక బెంగళూరు వెళ్లి భవన నిర్మాణ పనిచేసి ఏరువాకకు తిరిగి వస్తాడు. అతని లెక్క మరింత చిక్కుముడి.

ఫిబ్రవరిలో ఖాళీ ఊళ్లు

2011లో లెక్కింపు ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. ఆ రోజుల్లో ఏదో ఒక సమయంలో ఇంటివద్ద ఉన్నవారిని, లేదా తిరిగి వచ్చేవారిని సొంత ఇంట్లో లెక్కించారు. ఆ మొత్తం కాలంలో ఊళ్లో లేనివారిని ఎక్కడ ఉంటే అక్కడ లెక్కించాలన్నది నియమం. నిబంధన దేశమంతటికీ ఒకటే. కానీ వ్యవసాయ క్యాలెండరు అంతటా ఒకటి కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఫిబ్రవరి దాళ్వా పనుల కాలం. అనంత మెట్టల్లో అది పొలం ఖాళీగా ఉండే కాలం, వలసలు సాగే కాలం. అంటే ఈ పల్లెలు ఏడాదిలో పలచబడి ఉన్న రోజుల్లోనే లెక్కకు వస్తున్నాయి.

కదిరి, నల్లమాడ ప్రాంతాల నుంచి బెంగళూరుకు, కేరళకు కూలీలు వెళ్లడం దశాబ్దాల నుంచి ఉన్నదే. ఇంటి పనుల కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లిన మహిళలూ ఉన్నారు. బెంగళూరులో నిర్మాణ స్థలంలో రేకుల షెడ్డులో ఉన్న కుటుంబం అక్కడ లెక్కకు అందితే కర్ణాటక జనాభాలో చేరుతుంది. అక్కడా అందకపోతే దేశంలో ఏ పట్టికలోనూ ఉండదు. విదేశాల్లో ఉన్నవారు ఎలాగూ జనగణనలోకి రారు. దాంతో ఇంటి పెద్ద దిక్కు ఊళ్లో లేని కుటుంబం పట్టికలో చిన్న కుటుంబంగా, పని చేసేవారు లేని కుటుంబంగా కనిపిస్తుంది.

కరవు ఈ సీమ జనాభా లెక్కల మీద ముద్ర వేయడం కొత్త కాదు. 1876-78 నాటి ధాత కరవు రాయలసీమను ఊడ్చేసింది. ఈ ప్రాంతం అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉండేది. 1871 లెక్కకు, 1881 లెక్కకు మధ్య ఇక్కడి జనాభా పెరగకపోగా తగ్గింది. ఆ మరుసటి ఏడాది, 1882లో అనంతపురం జిల్లా ఏర్పడింది. నాడు ఆకలి చావులు జనాభాను తగ్గించాయి. నేడు ఆ స్థాయి ఆకలి లేదు. ఊరి జనాన్ని తగ్గిస్తున్నది వలస.

వంద రోజుల హామీ

వలసను ఆపాలన్న ఆశయంతోనే జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ఈ సీమలో పురుడు పోసుకుంది. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో నాటి ప్రధాని మన్మోహన్‌సింగ్, సోనియాగాంధీ దీనిని ప్రారంభించారు. చెరువుల పూడిక తీత, పంట కుంటలు, చిన్న రైతుల భూముల్లో పండ్ల తోటల పెంపకం ఈ పథకం కింద సాగాయి. వేసవిలో ఊళ్లోనే కూలి దొరకడం ఆడవారికి, వృద్ధులకు పెద్ద ఊరట అయింది. స్త్రీ పురుషులకు సమాన కూలి ఇవ్వడం అప్పటివరకు పల్లె ఎరుగని విషయం.

అయితే పని లెక్కకు వస్తే ఒక సంగతి మరువరాదు. వంద రోజుల హామీ మనిషికి కాదు, కుటుంబానికి. దంపతులిద్దరూ పంచుకుంటే ఒక్కొక్కరికి యాభై రోజులే. ఖరీఫ్ కూలి దినాలు దానికి కలిపినా 183 రోజులు చేరడం కష్టం. కరవు పల్లెల్లో ఉపాంత పనివారు, ప్రత్యేకించి స్త్రీలు అధికంగా కనిపించడానికి ఇదొక కారణం. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. అందులో కుటుంబానికి హామీ పని దినాలు 125. ఇది కూడా గ్రామీణ ప్రాంతాలకే పరిమితం. పల్లె పురపాలక పరిధిలోకి వెళ్తే ఈ హామీ వర్తించదు. ఊరికి పట్టణ హోదా రావాలని కోరేవారు ఈ మెలికను కూడా గుర్తుంచుకోవాలి.

మారుతున్న చేతులు

2011లో దేశంలో సాగుదారులు 11.88 కోట్లు, వ్యవసాయ కూలీలు 14.43 కోట్లుగా లెక్క తేలారు. పదేళ్ల ముందు, 2001లో సాగుదారులే ఎక్కువ. పొలం ఉన్నవారి కంటే పొలంలో కూలి చేసేవారు మించిపోయిన దశాబ్దమది. ఆ తరువాత ఈ జిల్లాలో వచ్చిన మార్పులు ఇంకా లెక్కకు రావలసి ఉంది.

పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరింది. 2019లో ఉత్పత్తి మొదలైంది. హిందూపురం పరిసరాల్లో దుస్తుల తయారీ పరిశ్రమలు మహిళలకు నెల జీతం చూపాయి. ఉదయాన్నే పల్లె కూడలిలో కంపెనీ బస్సు కోసం నిలబడే యువతులు 2001నాటి పట్టికలో దాదాపు లేని వర్గం. పల్లెలోనే నివాసం, పని మాత్రం ముప్పై, నలభై కిలోమీటర్ల దూరంలో. వీరు ఊరి జనాభాలోనే ఉంటారు, ‘ఇతరులు’ గడిలో ప్రధాన పనివారవుతారు.

నీటి విషయంలోనూ మార్పు వచ్చింది. సత్యసాయి తాగునీటి పథకం 1990 దశకం మధ్యలో ఉమ్మడి జిల్లాలోని 700కు పైగా గ్రామాలకు నీరందించేందుకు చేపట్టినది. ఫ్లోరైడ్ నీటితో బాధపడిన పల్లెలకు అది మేలు చేసింది. నీళ్ల కోసం బిందెలతో నడిచే గంటలు తగ్గడమంటే స్త్రీకి ఆ మేరకు పని భారం తగ్గడమే. ఆ నడక ఏనాడూ జనగణనలో పనిగా నమోదు కాలేదు గనుక, అది తగ్గిన మేలు కూడా అంకెల్లో తెలియదు. ఇక హంద్రీ-నీవా కాలువ ద్వారా శ్రీశైలం నుంచి కృష్ణా జలాలు గొల్లపల్లి, మారాల, చెర్లోపల్లి జలాశయాల దాకా వచ్చాయి. విజయనగర కాలం నాటి బుక్కపట్నం చెరువుకూ ఆ నీరు చేరింది. చెరువు నిండిన ఏడు దాని కింద బావులు, బోర్లు ఊరుతాయి. రెండో పంట పడితే ఉపాంత సాగుదారు ప్రధాన సాగుదారు అవుతాడు. నీటికీ, పట్టికలోని గడికీ ఉన్న సంబంధం ఇదే.

చెన్నేకొత్తపల్లిలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ వంటి సంస్థలు కొర్ర, సామ, రాగి సాగును తిరిగి ప్రోత్సహించాయి. కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం అందించిన కదిరి-6, కదిరి లేపాక్షి రకాలు వేరుశనగ రైతుకు అండగా నిలిచాయి. అయినా యువత చూపు పొలం వైపు లేదన్నది ఏ పల్లెకు వెళ్లినా కనిపించే వాస్తవం. పొలంలో ఉన్నవారి వయసు పెరుగుతోంది. రాబోయే లెక్కలో సాగుదారుల వయసు వివరాలు ఈ విషయాన్ని రూఢి చేయగలవు.

లెక్క తప్పితే నష్టమేమిటి?

జనాభా అంకె కేవలం పుస్తకంలో ఉండిపోయేది కాదు. పంచాయతీలో వార్డు సభ్యులు 5 నుంచి 21 మంది వరకు ఎందరుండాలన్నది జనాభాను బట్టే నిర్ణయమవుతుంది. ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లకు ఆధారమూ అదే. 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల నిధుల పంపిణీలో రాష్ట్రాల వాటాకు 2011 జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం ప్రాధాన్యమిచ్చింది. ఆహార భద్రత చట్టం కింద లబ్ధిదారుల పరిమితి కూడా పాత లెక్క మీదే నిలిచింది. పనివారి వివరాల మీద నైపుణ్య శిక్షణ, రుణ ప్రణాళికలు తయారవుతాయి. వలస వెళ్లిన కుటుంబాలు ఏ లెక్కలోనూ లేకపోతే ఆ మేరకు ఊరి వాటా తగ్గుతుంది. ఊరి బడి, అంగన్వాడీ, రేషన్ దుకాణం మాత్రం ఏరువాకకు తిరిగి వచ్చేవారికి కూడా సరిపోవాలి.

స్త్రీల పని నమోదు కాకపోవడం మరో నష్టం. సాగు చేసే స్త్రీ ‘ఇంటి పని’ వర్గంలో మిగిలిపోతే, ఆ ఊళ్లో మహిళా రైతులు లేరన్న భావన దస్త్రాలకు ఎక్కుతుంది. భర్త చనిపోయి లేదా వలస వెళ్లి ఒంటరిగా సేద్యం చేసే మహిళలు ఉన్న ప్రాంతానికి ఇది సరైన చిత్రం కాదు.

ఎన్యూమరేటరు వచ్చినప్పుడు..

తదుపరి జనగణన తొలిసారి డిజిటల్ పద్ధతిలో జరగనుంది. కుటుంబాలు తామే వివరాలు నమోదు చేసుకునే వీలు కూడా కల్పిస్తున్నారు. కులాల వారీ గణన కూడా ఇందులో భాగం. స్వాతంత్ర్యానంతరం అన్ని కులాలను లెక్కించడం ఇదే మొదటిసారి అవుతుంది. ఎన్యూమరేటర్లుగా వచ్చేది చాలావరకు పరిచయమున్న ఉపాధ్యాయులు, ఉద్యోగులే. చెప్పిన వివరాలను చట్టప్రకారం గోప్యంగా ఉంచుతారు. పన్నుకు గాని, కార్డుల రద్దుకు గాని వాటిని వాడరాదు. కాబట్టి దాపరికం అనవసరం.

ఇంట్లో ప్రతి ఒక్కరి పనిని విడివిడిగా చెప్పాలి. ఏడాదిలో ఎన్ని నెలలు ఏయే పని చేశారో ముందే ఒకసారి లెక్క వేసుకుంటే మంచిది. చేనుపని, కూలి, ఉపాధి పని, పాడి, గొర్రెలు, మగ్గం పని, అన్నింటినీ కలిపి చూడాలి. ఆడవారి పని గురించి ఆడవారే చెప్పడం ఉత్తమం. కౌలు రైతు తాను సాగుదారునని చెప్పాలి. పట్టా లేకపోవడం అందుకు అడ్డు కాదు. వలస వెళ్లినవారు లెక్కింపు రోజుల్లో ఒకసారి ఊరికి వచ్చి వెళ్లగలిగితే సొంత ఊళ్లోనే చేరే అవకాశం ఉంటుంది. రాలేనివారు ఉన్నచోట తప్పక నమోదయ్యేలా చూసుకోవాలి. రెండు చోట్లా చెప్పడం మాత్రం తగదు.

పదిహేనేళ్లకు పైగా ఎదురుచూసిన లెక్క ఇది. 2011 పట్టికకు, నేటి పల్లెకు పోలిక లేదు. కియా బస్సు ఎక్కే యువతి, బోరు ఎండి మంద పట్టిన రైతు, కండెలు చుట్టే ఇల్లాలు, బెంగళూరు షెడ్డులో ఉన్న కూలీ.. వీరందరూ తమ తమ గడుల్లో సరిగా కూర్చుంటేనే ఈ సీమ అసలు ముఖం ప్రభుత్వానికి కనిపిస్తుంది. తదుపరి ప్రణాళికలన్నీ ఆ పట్టిక చూసే తయారవుతాయి గనుక, ఇంటి గడప వద్ద ఇచ్చే జవాబు విషయంలో ప్రతి కుటుంబమూ శ్రద్ధ వహించవలసిన అవసరం ఉంది.